స్టార్లు అయిపోయాయి, తోపులాట ఆగలేదు: క్లాసులో సోషల్ స్కిల్స్ ఎలా నేర్పుతున్నారు?

తోకలేని_పిట్ట
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మూడో తరగతికి చెబుతాను, 34 మంది పిల్లలు. ఈ ఏడాది మా స్కూల్లో పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్ మొదలుపెట్టారు, అంటే శిక్షల బదులు మంచి ప్రవర్తన నేర్పి, మెచ్చుకునే పద్ధతి. ఒకరోజు ట్రైనింగ్ ఇచ్చి, గోడకి అంటించుకోమని చార్టులు చేతిలో పెట్టారు: గౌరవంగా ఉందాం, బాధ్యతగా ఉందాం, జాగ్రత్తగా ఉందాం. మంచి పని చేస్తే స్టార్ స్టిక్కర్. 20 స్టార్లకి ఒక బహుమతి.

మొదటి రెండు వారాలు బ్రహ్మాండం. ఇప్పుడు ఏడో వారం నడుస్తోంది. స్టార్లు వచ్చే పిల్లలకే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. వాళ్ళు స్టార్లు లేనప్పుడూ బుద్ధిగానే ఉండేవాళ్ళు. ఒకబ్బాయి ఉన్నాడు, చంటి అనుకుందాం, అసలు పేరు కాదు. వాడికి ఇప్పటిదాకా రెండే స్టార్లు. అందులో ఒకటి నేను జాలిపడి ఇచ్చింది. లైన్లో ముందువాణ్ణి తోస్తాడు. ఆటలోకి రానివ్వకపోతే బంతి లాక్కుని పరుగు. ఓడిపోతే చేతిలో ఏదుంటే అది గిరాటేస్తాడు.

ఇవాళ పిలిచి అడిగాను, 'గౌరవంగా ఉండటం అంటే ఏంట్రా?' అని. 'ఇతరులతో మర్యాదగా మెలగడం టీచర్' అని గడగడా అప్పజెప్పాడు. అప్పజెప్పి తన చోటికి వెళ్తూ వెళ్తూ దారిలో ఒకడి పెన్సిల్ లాక్కున్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దీనితో నిజంగా ఫలితం చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?


పాత_హాజరు_పట్టీ
సోమవారం, రాత్రి 9:40

అమ్మా, నా సర్వీసు 26 ఏళ్ళు. స్టార్లు చూశాను, స్మైలీలు చూశాను, 'ఈ నెల మంచి విద్యార్థి' బోర్డులూ చూశాను. అన్నీ ఆరంభశూరత్వమే. ఒకసారి గట్టిగా మందలించి క్లాసు బయట నిలబెట్టండి, వాడే దారికొస్తాడు.


తోకలేని_పిట్ట
సోమవారం, రాత్రి 9:48

నిలబెట్టాను సార్. ఈ రెండు వారాల్లో తొమ్మిది సార్లు.


ఏబీసీ_నోట్
సోమవారం, రాత్రి 10:31

స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. ఈ చర్చ ఊరికే చదివి వెళ్ళిపోదామనుకున్నా కానీ ఆ 'తొమ్మిది సార్లు' దగ్గర ఆగిపోయాను.

శిక్ష పనిచేస్తే రెండో, మూడోసారికి తగ్గాలి కదండీ. తొమ్మిది సార్లు అవసరమైందంటే బయట నిలబడటం వాడికి శిక్ష కాదేమో, కావలసిందేనేమో. మేడమ్, ఒక్క విషయం చెప్పండి. వాణ్ణి బయటికి పంపినప్పుడు లోపల ఏం పని జరుగుతూ ఉంటుంది?


తోకలేని_పిట్ట
సోమవారం, రాత్రి 10:50

ఎక్కువగా ఇంటర్వెల్ తర్వాత పీరియడ్. బోర్డు మీదది నోట్సులోకి ఎక్కించడం.

అయ్యో. వాడికి రాయడమంటే అస్సలు పడదు.


ఏబీసీ_నోట్
సోమవారం, రాత్రి 11:15

అదే నా అనుమానం కూడా. కాకపోతే అనుమానంతో వైద్యం చేయకూడదు కాబట్టి ముందు ఐదు రోజులు రాసి చూడండి. ఒక కాగితం మీద మూడు గడులు. గొడవకి సరిగ్గా ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత వాడికి ఏం దక్కింది. 'అల్లరి చేశాడు' అని రాయొద్దు. 'ముందున్న అబ్బాయి వీపు మీద రెండు చేతులతో నెట్టాడు' అని రాయండి. కెమెరాకి కనిపించేదే రాయాలి, మన కోపం అందులోకి రాకూడదు.

పిల్లలు ఏ ప్రవర్తన చూపినా దాని వెనక లెక్క మామూలుగా నాలుగింటిలో ఒకటి. ఎవరో ఒకరు తనను పట్టించుకోవాలి, పని తప్పించుకోవాలి, ఒక వస్తువు గానీ ఆట గానీ కావాలి, లేదంటే ఆ పనే ఒంటికి హాయిగా ఉంటుంది. తోయడం ఒకటే అయినా లైన్లో తోయడానికి ఒక కారణం, ఆటలో తోయడానికి ఇంకో కారణం ఉండొచ్చు. రెండింటికీ ఒకే మందు వేస్తే ఒకటి తగ్గి ఇంకోటి ముదురుతుంది.

రెండోది, నాకు మీ పోస్టులో బాగా నచ్చింది ఆ పెన్సిల్ సంగతి. మర్యాద అంటే ఏంటో వాడికి తెలుసు. చెప్పగలడు. చేయలేకపోతున్నాడు. మా వాళ్ళు దీన్ని విడదీసి చూస్తారు. అసలు ఎలా చేయాలో రాకపోవడం ఒకటి, వచ్చినా ఆ సమయానికి చేయకపోవడం ఇంకొకటి. మొదటిదైతే నేర్పాలి. రెండోదైతే నేర్పినందువల్ల లాభం లేదు, చేయడానికి అడ్డుపడేది ఏమిటో చూడాలి. 'ఆటలోకి ఎలా వెళ్ళాలి' అన్నది మాత్రం వాడికి బహుశా ఎవరూ నేర్పలేదు. మనకి కూడా ఎవరూ నేర్పలేదు, ఎలాగో వచ్చేసింది. అందుకే అది నేర్పాల్సిన పాఠం అని మనకి తట్టదు.


గణాంకాల_పిచ్చి
మంగళవారం, ఉదయం 6:55

చార్టుల గురించి ఒక పాత ముచ్చట. 1968లో మాడ్సెన్, బెకర్, థామస్ అనే ముగ్గురు ఇద్దరు టీచర్ల క్లాసుల్లో ఇదే పరీక్షించారు. ముందు ఒట్టి నిబంధనలు పెట్టి చూశారు. పెద్దగా తేడా రాలేదు. చిన్న చిన్న అల్లరిని పట్టించుకోకుండా వదిలేసి, బాగా చేసినప్పుడు వెంటనే మెచ్చుకోవడం మొదలుపెట్టాక పిల్లల తీరు మారింది. అసలు తాళంచెవి ఆ మెచ్చుకోలే అయి ఉండొచ్చని తేల్చారు. అంటే గోడ మీది చార్టు ఒంటరిగా ఏమీ చేయదని తెలిసి అర్ధ శతాబ్దం దాటింది. అయినా ట్రైనింగ్ అనగానే మొదట చేతికొచ్చేది చార్టే!

స్టార్ల మీద కూడా ఒక మాట. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ నర్సరీ పిల్లలతో బొమ్మలు వేయించారు. అందరూ బొమ్మలంటే ముందే ఇష్టమున్న పిల్లలు. 'వేస్తే బహుమతి' అని ముందే చెప్పిన పిల్లలకి తర్వాత బొమ్మల మీద ఆసక్తి తగ్గింది. చెప్పకుండా చివర్లో బహుమతి ఇచ్చిన వాళ్ళకి తగ్గలేదు. ఇది చదివి చాలామంది 'బహుమతులన్నీ చెడ్డవి' అనేస్తారు. అలా కాదు, ఇష్టం ముందే ఉన్నచోట బేరం పెడితే నష్టం. కాబట్టి మేడమ్ క్లాసులో స్టార్ల గురించి కంగారు పడాల్సింది చంటి విషయంలో కాదు, బోలెడు స్టార్లు వస్తున్న ఆ బుద్ధిమంతుల విషయంలో.


ఇద్దరు_పిల్లల_తండ్రి
మంగళవారం, ఉదయం 8:20

టీచర్లందరూ ఆ తోసే అబ్బాయి గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మాయి వేరే స్కూల్లో, తోయించుకునే పక్షం. మోచెయ్యి గీరుకుని ఇంటికొచ్చింది. 'ఆ అబ్బాయికి ఇవాళ స్టార్ ఇచ్చారు నాన్నా, పది నిమిషాలు ఎవర్నీ కొట్టలేదని' అంది. రోజంతా ఎవర్నీ కొట్టని పిల్లకి ఏం ఇచ్చారు మరి? ఈ పాజిటివ్ గొడవలో దెబ్బ తిన్న పిల్లలు ఎక్కడున్నారు?


పాత_హాజరు_పట్టీ
మంగళవారం, ఉదయం 8:34

భేషైన ప్రశ్న. జవాబు కోసం నేనూ చూస్తున్నా.


ఏబీసీ_నోట్
మంగళవారం, మధ్యాహ్నం 1:10

తండ్రిగారి కోపం న్యాయమైనదే. సానుకూలం అంటే చేసింది చూసీ చూడనట్టు వదిలేయడం కాదు. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు ఆపాలి, దెబ్బ తగిలిన పిల్లను చూసుకోవాలి, తోసినవాడు ఏదో ఒక రూపంలో సరిదిద్దాలి. పైన చెప్పిన 'పట్టించుకోకపోవడం' పెన్సిల్ టకటకలాడించడం లాంటి వాటికే. పైగా అలా వదిలేసినప్పుడు మొదట్లో అల్లరి ఇంకాస్త పెరగొచ్చు. రోజూ పనిచేసే మంత్రం ఇవాళ పనిచేయకపోతే వాడు గొంతు పెంచి చదువుతాడు. తోయడం విషయంలో ఆ రిస్కు తీసుకోలేం.

మీ అమ్మాయి స్కూల్లో ఆ స్టార్ ఇచ్చిన తీరు నాకూ నచ్చలేదు. అందరి ముందూ ఇవ్వడం ఒక తప్పు. 'కొట్టలేదు' అన్నందుకు ఇవ్వడం ఇంకో తప్పు. కొట్టకపోవడం అనేది ఒక పని కాదు, నిద్రపోయేవాడు కూడా కొట్టడు. 'బంతి అడిగి తీసుకున్నావు' అని చెప్పాలి. ఏ పని బాగుందో ఆ పని పేరు చెప్పని మెచ్చుకోలు పిల్లల చెవికి ఎక్కదు.


ఇద్దరు_పిల్లల_తండ్రి
మంగళవారం, మధ్యాహ్నం 1:42

సగం ఒప్పుకుంటున్నా. 'ఏదో ఒక రూపంలో సరిదిద్దాలి' అన్నది ఎక్కడా జరుగుతున్నట్టు నాకైతే కనిపించలేదు.


నిశ్శబ్ద_శ్రోత
మంగళవారం, రాత్రి 11:58

టీచర్ని కాదు. నాకు ఆటిజం ఉంది, పెద్దయ్యాక తెలిసింది. ఈ 'సోషల్ స్కిల్స్' అన్న మాట వింటేనే నాకు కొంచెం వణుకు, ఎందుకో చెబుతాను.

చిన్నప్పుడు నాకు కళ్ళలోకి చూసి మాట్లాడటం నేర్పారు. చూస్తే ఒక టిక్కు. టిక్కులు బాగానే సంపాదించాను. కనుబొమ్మల మధ్య ఒక చోటు పెట్టుకుని అక్కడే చూసేదాన్ని, లోపల ఒకటి రెండు మూడు లెక్కపెట్టేదాన్ని. టీచర్ చెప్పేది ఒక్క ముక్క వినపడేది కాదు. నా రిపోర్టులో మాత్రం 'చక్కగా వింటుంది' అని రాశారు.

కాబట్టి ఏం నేర్పుతున్నారు అన్నదానికంటే ముందు, అది ఎవరి సుఖం కోసం అని అడగండి. 2012లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, ఆయనకీ ఆటిజం ఉంది, 'డబుల్ ఎంపతీ' అని ఒక మాట తెచ్చారు. అర్థం చేసుకోలేకపోవడం మా వైపు నుంచే కాదు, రెండు వైపుల నుంచీ ఉంటుందని. చంటికి ఆటిజం అని నేను అనడం లేదు, అది ఇక్కడ తేలే విషయం కాదు. కానీ మేడమ్ మొదటి పోస్టులో ఒక మాట ఉంది, 'ఆటలోకి రానివ్వకపోతే' అని. రానివ్వనిది ఎవరు? మిగతా 33 మందికి నేర్పాల్సింది ఏమీ లేదా?


తోకలేని_పిట్ట
బుధవారం, ఉదయం 7:03

రాత్రి ఇది చదివాక నిద్ర పట్టలేదు. 'రానివ్వకపోతే' అని నేనే రాశాను, నాకే కనపడలేదు.


మోడరేటర్
బుధవారం, ఉదయం 10:00

మధ్యలో దండన మంచిదా చెడ్డదా అన్న వాదనకి దిగిన ఆరు పోస్టులు వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ ఈ విషయం మీదే ఉందాం.


తోకలేని_పిట్ట
తర్వాతి మంగళవారం, రాత్రి 8:45

ఐదు రోజులు రాశాను. మొత్తం 11 సంఘటనలు. ఆరు లైన్లో తోయడం, అన్నీ ఇంటర్వెల్ అయ్యాక క్లాసుకి తిరిగొచ్చేటప్పుడే. పొద్దున లైన్లో, ఇంటికెళ్ళే లైన్లో ఒక్కటి కూడా లేదు! ఆరింటిలో నాలుగు సార్లు నేను బయట నిలబెట్టాను, అంటే నాలుగు సార్లు వాడు రాత తప్పించుకున్నాడు. మిగతా ఐదు గ్రౌండ్‌లో. ఐదింటికి ఐదూ, ఎవరో 'నువ్వొద్దు' అన్న తర్వాతే.

నేను వాడికి రోజూ సెలవు మంజూరు చేస్తున్నానన్నమాట.


ఏబీసీ_నోట్
తర్వాతి మంగళవారం, రాత్రి 9:30

శభాష్. ఇప్పుడు ఇవి రెండు వేరు వేరు పనులు.

లైను సంగతి: అక్కడ నేర్పాల్సింది లైనుకి సంబంధించింది కాదు, 'టీచర్, నాకు రాయడం కష్టంగా ఉంది' అని అడగడం. మాట రాకపోతే ఒక కార్డు ఇవ్వండి, ఎత్తి చూపిస్తే చాలు. చూపించగానే కాస్త విరామమో, సాయమో వెంటనే దొరకాలి. తోయడం కంటే అడగడం తేలికగా, త్వరగా పనిచేయాలి, లేకపోతే వాడు తోయడమే ఎంచుకుంటాడు. రాతని మొదట సగానికి తగ్గించండి. చెయ్యి నొప్పి ఉందా, బోర్డు సరిగ్గా కనపడుతోందా, అది కూడా చూపించండి.

గ్రౌండ్ సంగతి: ఆటలోకి వెళ్ళడాన్ని విడగొట్టండి. కలిసిపోగలిగే పిల్లల్ని గమనిస్తే, వాళ్ళు వచ్చీ రాగానే అడగరు. పక్కన నిలబడి చూస్తారు. ఆట ఏమిటో, ఎవరు ఎటువైపో పట్టుకుంటారు. ఆట ఆగిన క్షణంలో, ఆటకి పనికొచ్చే మాటతో దూరతారు. 'బంతి తెచ్చిపెట్టనా?' లాంటిది. పరుగున వచ్చి ఆట మధ్యలో 'నేనూ ఆడతా' అంటే వద్దనే అంటారు. వద్దంటే ఏం చేయాలో కూడా పాఠంలో ఉండాలి, ఎందుకంటే బాగా అడిగినా కొన్నిసార్లు వద్దంటారు. ఆ భాగం వదిలేసే పాఠాలే ఎక్కువ.

నేర్పే వరస: చెప్పాలి, చేసి చూపాలి, చేయించాలి, ఎలా చేశారో చెప్పాలి. తప్పుగా చేసి చూపించాల్సి వస్తే అది మీరే చేయండి, పిల్లలతో చేయించకండి. వాళ్ళకి అలవాటు కావాల్సింది సరైన పద్ధతే. క్లాసు మొత్తానికి చెప్పండి, చంటి పేరు ఎత్తొద్దు.


గణాంకాల_పిచ్చి
తర్వాతి మంగళవారం, రాత్రి 10:05

ఒకటి కలుపుతా. క్లాసులో కాదు, గ్రౌండ్‌లో నేర్పండి. 1977లో స్టోక్స్, బేర్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు తిరగేసి, ఒకచోట నేర్పింది ఇంకోచోటికి ఎలా పాకుతుందని చూశారు. ఎక్కువమంది చేస్తున్నదానికి వాళ్ళు పెట్టిన పేరు 'ట్రైన్ అండ్ హోప్'. మన భాషలో చెప్పాలంటే, నేర్పేసి దేవుడి మీద భారం వేయడం. బెంచీ మీద కూర్చుని నేర్చుకున్న ఈత లాంటిదే బెంచీ మీద నేర్చుకున్న ఆట మర్యాద కూడా.


పాత_హాజరు_పట్టీ
తర్వాతి బుధవారం, ఉదయం 6:30

అన్నీ వినడానికి బాగున్నాయి. 34 మంది, ఆరు పీరియడ్లు, రిజిస్టర్లు, పరీక్షలు. ఒక్క పిల్లాడి కోసం గడులు గీసుకుంటూ కూర్చుంటే మిగతా వాళ్ళ చదువు సంగతేంటి? ఇది స్పెషల్ పిల్లల కోసం పుట్టిన పద్ధతి కాదూ?


ఏబీసీ_నోట్
తర్వాతి బుధవారం, మధ్యాహ్నం 12:50

పుట్టుక విషయంలో మీరన్నది నిజమే సార్. 1980ల్లో, వైకల్యం తీవ్రంగా ఉన్నవాళ్ళ మీద ప్రయోగించే కఠినమైన శిక్షలకి ప్రత్యామ్నాయంగా వచ్చింది. 1997లో అమెరికా ప్రత్యేక విద్యా చట్టంలోకి ఎక్కింది. బడి మొత్తానికి విస్తరించింది ఆ తర్వాత.

టైము గురించి మీ బాధ కూడా నిజమే, అందుకే మూడు అంచెలు పెట్టారు. అందరికీ కలిపి నేర్పేది మొదటిది. సుమారు 80 శాతం పిల్లలకి అది చాలవచ్చని అంచనా. ఇంకో 15 శాతానికి కొంచెం అదనం. ఉదయం ఒక పెద్దాయన పలకరించి కార్డు ఇస్తారు, పీరియడ్ పీరియడ్‌కీ టీచర్ మార్కు వేస్తారు, సాయంత్రం మళ్ళీ ఆయనే చూస్తారు. పెద్దవాళ్ళ పలకరింపు కోసం అల్లాడే పిల్లలకి ఇది బాగా పడుతుంది, పని తప్పించుకునే పిల్లలకి అంతగా పడదు. విడిగా గడులు గీయాల్సింది మిగిలిన ఆ కొద్దిమందికే. అంకెలు దేవుడి వాక్కు కాదు, మీ క్లాసులో ఇంకోలా ఉండొచ్చు.

గడులకి కూడా టైము లేకపోతే, కుడి జేబులో పది పేపర్ క్లిప్పులు వేసుకోండి. ఒక పిల్లవాడు చేసిన మంచి పనిని పేరు పెట్టి మెచ్చుకున్నప్పుడల్లా ఒకటి ఎడమ జేబులోకి. సాయంత్రం ఎడమ జేబు చూసుకోండి, చాలు. మొదటి రోజు నా ఎడమ జేబులో రెండే ఉన్నాయి. మెచ్చుకోవడంలో నాకు మంచి పేరుండేది!


పాత_హాజరు_పట్టీ
తర్వాతి గురువారం, సాయంత్రం 5:20

మూడు.

నమ్మకం కుదిరిందని కాదు, లెక్క చెబుతున్నా అంతే.


తోకలేని_పిట్ట
నెల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:15

ఆలస్యంగా రాస్తున్నా, క్షమించాలి.

ఇంటర్వెల్‌కి ముందు రెండు నిమిషాలు, గ్రౌండ్‌లోనే, అందర్నీ నిలబెట్టి నేర్పాను. తప్పు పద్ధతి నేనే చేశాను, ఆట మధ్యలో దూరి బంతి ఎత్తుకుని పరిగెత్తాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. 'టీచర్, బంతి ఆగాక అడగాలి!' అని అరిచింది ఎవరనుకున్నారు? చంటే.

మిగతా వాళ్ళకి ఇంకో పాఠం చెప్పాను: ఎవరైనా అడిగితే 'వద్దు' అని ఆపేయకూడదు, 'తర్వాతి ఆటలో రా' అనో, 'అటువైపు ఒకళ్ళు తక్కువున్నారు' అనో చెప్పాలని. నిజం చెప్పాలంటే ఈ పాఠమే కష్టమైంది. బోలెడు స్టార్లున్న పిల్లలే ఇందులో వెనకబడ్డారు.

రాత సగానికి తగ్గించాను. కార్డు మొదటి రోజే ఏడు సార్లు ఎత్తాడు, నాకు కోపం వచ్చింది, అయినా ప్రతిసారీ ఇచ్చాను. ఇప్పుడు రోజుకి రెండు. కళ్ళ పరీక్షకి ఇంట్లోవాళ్ళు తీసుకెళ్తామన్నారు, ఇంకా వెళ్ళలేదు. లైన్లో తోయడం ఈ వారం ఒక్కసారే. గ్రౌండ్‌లో మూడు. ఓడిపోతే విసరడం మాత్రం అలాగే ఉంది, అది ఇంకా ముట్టుకోలేదు. మధ్యలో నేను రెండు రోజులు సెలవు పెడితే వచ్చిన టీచర్‌కి ఇదేదీ తెలియదు, మళ్ళీ బయట నిలబెట్టారు. ఆ తర్వాత వారం రోజులు వెనక్కి పోయింది.

శుక్రవారం చూశాను. ఆటలోకి అడిగితే ఒకడు వద్దన్నాడు. చంటి అక్కడే నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బంతి వచ్చి కాళ్ళ దగ్గర ఆగింది. వంగి తీసి ఇచ్చాడు. 'అటు గోల్ దగ్గర ఎవరూ లేరు, నువ్వుండు' అంది ఒక అమ్మాయి.


నిశ్శబ్ద_శ్రోత
నెల తర్వాత, ఆదివారం, రాత్రి 11:40

చేతులు అలా పట్టుకోవడం మీరు నేర్పారా?


తోకలేని_పిట్ట
నెల తర్వాత, సోమవారం, ఉదయం 6:50

లేదండీ. అది వాడే కనిపెట్టుకున్నాడు. దాని జోలికి వెళ్ళను.

ఈ గురువారం మళ్ళీ సెలవు పెట్టాలి. ఈసారి వచ్చే టీచర్ కోసం ఒక కాగితం రాసి హాజరు పట్టీలో పెడుతున్నా. రాత సగం, కార్డు ఎత్తితే విరామం, బయట నిలబెట్టొద్దు. ఇంటర్వెల్‌కి ముందు రెండు నిమిషాలు ఆట పాఠం ఉంటుంది, ఎలాగో తెలియకపోతే చంటిని అడగండి, చేసి చూపిస్తాడు.